మైదానం ఎవరిది?

2025 నవంబరు 2వ తేదీ అర్ధరాత్రి వేళ, నవీ ముంబైలోని డి.వై. పాటిల్ స్టేడియంలో భారత మహిళల జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి మొట్టమొదటిసారి ప్రపంచ కప్పు గెలిచినప్పుడు మా వీధిలో టపాసులు పేలాయి. ఓవరు అంటే ఏమిటో కూడా తెలియని మా పక్కింటి పిన్నిగారు తలుపు కొట్టి "మన పిల్లలు గెలిచారటగా" అని నాతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లారు. నాకు చాలా సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని దాచుకోవలసిన అవసరం లేదు. ఆ జట్టులో కడప జిల్లా పల్లెటూరి నుంచి వచ్చిన శ్రీచరణి ఉంది, హైదరాబాదు అమ్మాయి అరుంధతి రెడ్డి ఉంది. వాళ్లు మన పిల్లలే.

అయితే ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇంకొకటి ఉంది. పిల్లలు మనవాళ్లే. మరి మైదానం మనదేనా?

ఈ సంచిక సంపాదకీయం గురించి మాట్లాడుకుంటున్నప్పుడు మా సంపాదకవర్గంలోనే ఒక మిత్రురాలు అభ్యంతరం చెప్పింది. వరకట్న చావుల మీద, ఉపాధి హామీ కూలి బకాయిల మీద, భూమి హక్కుల మీద రాయవలసిన చోట క్రికెట్టు ఎందుకు, అది మార్కెట్టూ మగవాళ్లూ కలిసి ఆడే ఆట కదా అన్నది. ఆమె అభ్యంతరం సబబైనదే. క్రికెట్టును కీర్తించడానికి నేనీ సంపాదకీయం రాయడం లేదు. నా ఉద్దేశం స్థలం గురించి మాట్లాడటం. మన దేశంలో ప్రజల భూమి మీద, ప్రజల నీటితో, చాలామేరకు ప్రజల డబ్బుతో కట్టిన అతి పెద్ద బహిరంగ స్థలాల్లో క్రికెట్ స్టేడియంలు ఒకటి. అక్కడికి స్త్రీలు ఏ దారిన వస్తారు, ఏ దారిన బయటికి పోతారు, ఎవరికి కుర్చీ దొరుకుతుంది, ఎవరికి చీపురు దొరుకుతుంది అన్నది కచ్చితంగా హక్కుల ప్రశ్నే.

నా చిన్నతనం కోస్తా జిల్లాలో ఒక చిన్న పట్టణంలో గడిచింది. మా బడికి పెద్ద మైదానం ఉండేది. సాయంత్రం బెల్లు కొట్టగానే మగపిల్లలు దాన్ని ఆక్రమించేవారు. ఒకే మైదానంలో నాలుగు జట్లు, ఎనిమిది వికెట్లు, నాలుగు బంతులు. ఎవరి బంతి ఎవరిదో వాళ్లకే తెలియాలి. ఆడపిల్లలం గోడ వెంబడే నడిచి ఇంటికి పోయేవాళ్లం. మేం ఆడుకోలేదని కాదు. తొక్కుడుబిళ్ళ ఆడాం, గచ్చకాయలు ఆడాం, అష్టాచెమ్మా ఆడాం. చాలా ఏళ్ల తరువాత సమాజశాస్త్రం చదువుతున్నప్పుడు నాకొక విషయం తట్టింది. మేం ఆడిన ఆటలన్నీ అరుగు మీదో, వసారాలోనో, ఇంటి ముంగిట్లోనో ఇమిడిపోయే ఆటలు. అమ్మ పిలిస్తే వెంటనే లేచి వెళ్లగలిగే ఆటలు. స్థలం అడగని ఆటలు. ఆడపిల్లకు ఆట నిషేధం కాలేదు, ఆమెకు నిషేధమైంది వైశాల్యం. పన్నెండో ఏడు వచ్చాక ఆ అరుగు కూడా పోయింది.

అందువల్ల క్రికెట్ మైదానంలో స్త్రీల చరిత్రను ఎవరు ఎన్ని పరుగులు చేశారన్న లెక్కతో మొదలుపెట్టకూడదని నేననుకుంటాను. ఎవరికి ఏ స్థలం, ఏ వేళలో, ఎవరి అనుమతితో దొరికింది అన్న లెక్కతో మొదలుపెట్టాలి.

ఆ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం మన హైదరాబాదులోనే జరిగింది. 1978 జనవరి 13న ఫతే మైదానంలో, అంటే లాల్ బహదూర్ స్టేడియంలో, మహిళల ప్రపంచ కప్పు విజేత ఎవరో తేలింది. ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ అంతవరకూ ఓటమి లేకుండా వచ్చి అక్కడ తలపడ్డాయి. ఆస్ట్రేలియా గెలిచింది. ఈ ప్రపంచ కప్పు మొదటిసారి 1973లో జరిగింది, మగవాళ్ల ప్రపంచ కప్పుకు రెండేళ్ల ముందు. అదే 1973లో మన దేశంలో మహిళా క్రికెట్ సంఘం ఏర్పడింది. 1976లో మన స్త్రీలు వెస్టిండీస్ జట్టుతో మొదటి టెస్టు సిరీస్ ఆడారు, పాట్నా మైదానంలో శాంతా రంగస్వామి నాయకత్వాన మొదటి టెస్టు విజయం సాధించారు. ఇవేవీ నేను బడిలో చదువుకోలేదు, మా నాన్నగారు చదివే పత్రికల్లో చూడలేదు, క్రికెట్టు గురించి గంటలు గంటలు మాట్లాడే మా అన్నయ్య నోట వినలేదు. ఫతే మైదానం పక్కనుంచి వందసార్లు బస్సులో వెళ్లాను. అక్కడ స్త్రీల ప్రపంచ కప్పు తేలిందని ముప్పై ఏళ్లు దాటాక, వేరే పనికోసం పాత కాగితాలు తిరగేస్తుంటే తెలిసింది. స్థలం మనకు దక్కనప్పుడే కాదు, దక్కిన తరువాత కూడా అక్కడ మన జాడ చెరిగిపోతుంది. ఈ రెండో రకం నష్టాన్ని మనం అంతగా లెక్కలోకి తీసుకోం.

"స్త్రీల ఆట చూడటానికి జనం రారు, అందుకే పెద్ద స్టేడియం ఇవ్వం" అన్న వాదన మనకు కొత్త కాదు. 1997 డిసెంబరు 29న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మహిళల ప్రపంచ కప్పు ఫైనల్ జరిగింది. భారత జట్టు సెమీఫైనల్లోనే ఓడిపోయింది. ఫైనల్లో ఆడినవి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. అయినా ఆనాడు గ్యాలరీల్లో దాదాపు 80 వేలమంది ఉన్నారని చెబుతారు. తమ దేశం ఆడని ఆటను చూడటానికి వచ్చిన జనం! ఆ తరువాత మరి పదిహేనేళ్లకు ప్రపంచ కప్పు మళ్లీ మన దేశానికి వచ్చింది. ఈ పదిహేనేళ్లలో స్త్రీల క్రికెట్టు సంఘం 2006లో దేశ క్రికెట్ నియంత్రణ మండలిలో కలిసిపోయింది కూడా. డబ్బు, స్టేడియంలు, ఏర్పాట్లు అన్నీ ఉన్న సంస్థ గొడుగు కిందికి వచ్చారు కాబట్టి పరిస్థితి మెరుగవాలి.

ఏం జరిగిందో చూడండి. 2013 ప్రపంచ కప్పుకు ముందుగా ముంబై వాంఖడే స్టేడియాన్ని వేదికగా ప్రకటించారు. సరిగ్గా ఆ సమయంలోనే అక్కడ మగవాళ్ల రంజీ ట్రోఫీ ఫైనల్ పడింది. ప్రపంచ కప్పు పక్కకు జరిగింది. ఒక దేశవాళీ పోటీ కోసం అంతర్జాతీయ పోటీని కదిలించారు. పాకిస్తాన్ జట్టు ముంబైలో ఆడకూడదని బెదిరింపులు రావడంతో ఆ జట్టు మ్యాచ్‌లను కటక్‌కు మార్చారు. అక్కడ ఆ అమ్మాయిలకు హోటల్లో గది దొరకలేదు. బారాబతి స్టేడియం ఆవరణలోనే బస ఏర్పాటు చేశారు. ప్రపంచ కప్పు ఆడటానికి వచ్చిన క్రీడాకారిణులు ఆటస్థలంలోనే పడుకుని, అక్కడే తిని, అక్కడే ఆడి వెళ్లారు. రెండు దేశాల మగ రాజకీయాలకు మధ్య నలిగిన ఆ పిల్లల ముఖాలను నేనెప్పుడూ మరిచిపోలేను.

స్థలం పంపకంలో మనకు వర్తించే నియమం ఇదే: ఇంకెవరికీ అవసరం లేనప్పుడు మీది, ఎవరికైనా అవసరం పడగానే వాళ్లది. ఇంట్లో గది విషయంలో, ఊళ్లో భూమి విషయంలో, సంఘ భవనం తాళంచెవి విషయంలో మనందరికీ అనుభవమైన నియమమే ఇది. 2025 ఫైనల్ జరిగిన స్టేడియం ఒక ప్రైవేటు విద్యాసంస్థది. మహిళల జట్టు తన అతి పెద్ద విజయాన్ని వాంఖడేలో కాదు, ఈడెన్‌లో కాదు, ఆ ప్రైవేటు స్థలంలో సాధించింది. ఆ రోజు 39,555 మంది వచ్చారు. జనం రారన్న వాదనకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఇంతవరకూ ఆడేవాళ్ల గురించి చెప్పాను. కానీ స్టేడియంలోకి అందరికన్నా ముందు అడుగుపెట్టే స్త్రీ క్రీడాకారిణి కాదు. తట్ట మోసే కూలి మనిషి.

ఢిల్లీలో 1982 ఆసియా క్రీడల కోసం స్టేడియంలు, వంతెనలు, హోటళ్లు హడావుడిగా కట్టినప్పుడు అక్కడి కూలీల పరిస్థితిని ఒక ప్రజాస్వామిక హక్కుల సంఘం పరిశీలించి సుప్రీం కోర్టుకు ఉత్తరం రాసింది. ఆ కట్టడాల్లో ఒకటైన జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో తరువాత 1984లో అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ కూడా జరిగింది. రోజుకు 9 రూపాయల 25 పైసలు కనీస కూలి ఉండగా స్త్రీల చేతికి 7 రూపాయలే వస్తున్నాయనీ, మిగతాది జమేదార్లు మింగుతున్నారనీ ఆ ఫిర్యాదు సారాంశం. 1982 సెప్టెంబరు 18న వచ్చిన ఆ తీర్పు మన కార్యకర్తలందరికీ తెలిసి ఉండాలి. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని కోర్టు చెప్పింది. సమాన వేతన చట్టాన్ని అమలు చేయవలసిన బాధ్యత నుంచి ప్రభుత్వం కాంట్రాక్టరును చూపి తప్పించుకోలేదనీ చెప్పింది. ప్రజా ప్రయోజన వ్యాజ్యాల చరిత్రలో ఒక మైలురాయి అయిన ఆ తీర్పు పుట్టింది స్టేడియం గోడల దగ్గరే, తట్ట మోసిన స్త్రీల కూలి డబ్బుల్లోంచే. కాని ఏ స్టేడియం గోడ మీదా ఆ స్త్రీల గుర్తు లేదు.

కట్టిన తరువాత? కొన్నేళ్ల క్రితం అసంఘటిత రంగ కార్మికుల అధ్యయనంలో భాగంగా ఒక నగరంలోని పెద్ద స్టేడియంలో ఊడ్చే ఆడవాళ్లతో మాట్లాడాను. మ్యాచ్ ముగిసి జనం వెళ్లిపోయాక, రాత్రి పదకొండూ పన్నెండు గంటల వేళ వాళ్ల పని మొదలవుతుంది. వేల నీళ్ల సీసాలు, బిర్యానీ పొట్లాలు, ఉమ్మిన మెట్లు. దాదాపు అందరూ దళిత స్త్రీలే. నేను ఒకామెను, ఎప్పుడైనా మ్యాచ్ చూశావా అని అడిగాను. ఆమె నవ్వింది. "ఎన్ని ఆటలు ఊడ్సిన్నో లెక్కలేదమ్మా, ఒక్క బంతి సూడలే. మేమొచ్చేదే అంతా అయిపోయినంక కద" అన్నది. తెల్లవారుజామున ఇంటికెలా వెళ్తావని అడిగితే, మొదటి బస్సు వచ్చేదాకా గేటు దగ్గరే కూర్చుంటామని చెప్పింది. కాంట్రాక్టరు పేరు ఆమెకు తెలియదు. మేస్త్రీ పేరే తెలుసు. ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరికి చెయ్యాలో తెలియదు.

ఇక్కడ మనం చట్టం పుస్తకం తెరవాలి. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం "పనిచేసే చోటు" అన్న మాటను నిర్వచిస్తూ క్రీడాసంస్థలనూ, స్టేడియంలనూ, క్రీడా ప్రాంగణాలనూ, పోటీలు జరిగే వేదికలనూ స్పష్టంగా పేర్కొంది. ఆ నిర్వచనం శిక్షణ పొందే పదమూడేళ్ల పిల్లకూ, స్కోరు రాసే అమ్మాయికీ, గేటు దగ్గర తనిఖీ చేసే స్త్రీకీ, మెట్లు ఊడ్చే ఆమెకూ ఒకేలా వర్తిస్తుంది. ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నెంబర్లు గోడ మీద రాసిపెట్టిన స్టేడియం మీలో ఎవరైనా చూశారా? నేను తిరిగిన చోట్ల చూడలేదు. ప్రకటనలు అంటించడానికి అంగుళం ఖాళీ లేని గోడల మీద ఈ నాలుగు పేర్లకు చోటు దొరకలేదు.

నీళ్ల మాట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన దేశంలో నీళ్లు మోసేది స్త్రీలు. 2016 వేసవిలో మహారాష్ట్రలో ఘోరమైన కరువు వచ్చింది. లాతూరుకు రైలు వ్యాగన్లలో తాగునీళ్లు పంపించారు. అదే నెలలో ఆ రాష్ట్రంలోని స్టేడియంలలో ఐపీఎల్ మ్యాచ్‌ల కోసం పచ్చిక తడుపుతున్నారు. అందుకు దాదాపు 60 లక్షల లీటర్లు కావాలని కోర్టుకెళ్లిన వాళ్లు లెక్క చూపారు. బొంబాయి హైకోర్టు, ఏప్రిల్ 30 తరువాతి మ్యాచ్‌లను రాష్ట్రం బయటికి తరలించమంది. అలా తరలిన మ్యాచ్‌లలో కొన్ని మన విశాఖపట్నానికే వచ్చాయి. అప్పుడు మన పత్రికలన్నీ అదృష్టం తలుపు తట్టిందన్నట్టు రాశాయి. విశాఖ కొండవాలు బస్తీల్లో బిందెల వరుసల దగ్గర నిలబడే ఆడవాళ్లను అడిగి ఉంటే ఆ అదృష్టం గురించి వాళ్లేమనేవారో మనకు తెలియదు, ఎవరూ అడగలేదు గనుక. మ్యాచ్‌లు ఆడకూడదని నేననడం లేదు. ఏ ఊళ్లోనైనా నీటి పంపకం నిర్ణయమయ్యే చోట నీళ్లు మోసేవాళ్లు కూర్చుని ఉండాలంటున్నాను.

చూడటానికి వెళ్లే స్త్రీల సంగతికి వద్దాం. మొన్నమొన్నటి దాకా కుటుంబంతో వచ్చే ఆడవాళ్లే గ్యాలరీల్లో కనిపించేవారు. ఇప్పుడు అమ్మాయిలు స్నేహితురాళ్లతో వస్తున్నారు. ఇది చిన్న మార్పు కాదు. రెండేళ్ల కిందట మా అక్క కూతురు పట్టుబడితే నేనూ ఒక మ్యాచ్‌కు వెళ్లాను. ఏ ఊరో చెప్పడం అనవసరం. మా గ్యాలరీ మొత్తానికి ఆడవాళ్ల మరుగుదొడ్డి ఒకటే, దానికీ గడియ లేదు. అరగంట వరుసలో నిలబడ్డాక నీళ్లు అయిపోయాయి. నా ముందు నిలబడిన ఒక తల్లి, చంకలో బిడ్డతో, "ఇంకోసారి రాను తల్లీ" అన్నది. ఆమెను ఎవరూ వెళ్లగొట్టలేదు. రావద్దని బోర్డు పెట్టలేదు. గడియ లేని తలుపే ఆ పని చేసింది. బయటికి వస్తుంటే ఇరుకు దారిలో వెనకనుంచి తగిలిన చేతుల గురించి మా పిల్ల ఇంటికి వచ్చాక చెప్పి, "అక్కడ చెప్తే నువ్వు మళ్లీ పంపవని చెప్పలేదు పిన్నీ" అన్నది. వేధింపుకు శిక్ష తనకే పడుతుందని పదహారేళ్ల పిల్లకు ఎవరు నేర్పారు? మనమే.

గేటు ఇరుకైతే ఎంత దూరం పోతుందో 2025 జూన్ 4న బెంగుళూరులో చూశాం. ఐపీఎల్ విజయోత్సవమని జనాన్ని పిలిచి, చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర 11 మందిని తొక్కిసలాటకు బలిచ్చారు. వారిలో బడికి వెళ్లే ఒక ఆడపిల్ల కూడా ఉంది. అంతకు మూడేళ్ల ముందు, 2022 సెప్టెంబరులో, మన సికిందరాబాదు జింఖానా మైదానంలో టిక్కెట్ల కోసం వచ్చినవాళ్లు తొక్కిసలాటలో గాయపడ్డారు, స్త్రీలతో సహా. ప్రతిసారీ "జనం అదుపు తప్పారు" అంటారు. జనం అదుపు తప్పలేదు. ఎంతమంది వస్తారో, ఏ గేటు ఎప్పుడు తీయాలో, పిల్లలూ ఆడవాళ్లూ ఏ దారిన నడవాలో లెక్క వేయవలసిన వాళ్లు లెక్క వేయలేదు. ఆ ఘోరం తరువాత మహిళల ప్రపంచ కప్పు వేదికల నుంచి బెంగుళూరును తొలగించారు. ఆ పోటీల్లోనే 2025 అక్టోబరులో ఇండోరులో ఇద్దరు ఆస్ట్రేలియా క్రీడాకారిణులు హోటలు నుంచి కాఫీ తాగడానికి నడిచి వెళ్తుంటే ఒకడు వెంటపడి అసభ్యంగా ప్రవర్తించాడు. పోలీసులు అతన్ని పట్టుకున్నారు. కాని ఆ రాష్ట్ర మంత్రి ఒకరు, క్రీడాకారిణులు చెప్పకుండా బయటికి వెళ్లకూడదు, ఇదొక గుణపాఠం అన్న ధోరణిలో మాట్లాడారు. చూశారా, ప్రపంచ కప్పు ఆడే మనిషైనా సరే, మా అక్క కూతురైనా సరే, పాఠం నేర్చుకోవలసింది ఆమే! స్టేడియం లోపల ఎంత భద్రత ఉన్నా, గేటు నుంచి బస్టాండు దాకా ఉన్న ఆ అర కిలోమీటరు రోడ్డు మనది కానంతవరకూ స్టేడియం మనది కాదు.

మరి ఈ నిర్ణయాలు ఎవరు చేస్తారు? వాంఖడే ఉన్నది రాష్ట్ర ప్రభుత్వ భూమిలో. ఈడెన్ గార్డెన్స్ ఉన్న కలకత్తా మైదానం సైన్యానిది. భూమి ప్రజలదే కాని, నడిపే సంఘాలు మాత్రం తాము ప్రైవేటు సంస్థలమంటాయి. 2018లో కేంద్ర సమాచార కమిషన్, క్రికెట్ మండలి సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని ఆదేశించింది. మండలి హైకోర్టుకు వెళ్లి ఆ ఆదేశాన్ని నిలిపివేయించుకుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం, ప్రభుత్వ ఆర్థిక సహాయం పొందే సంస్థలను మాత్రమే, ఆ సహాయం మేరకే, సమాచార హక్కు పరిధిలోకి తెచ్చింది. ప్రభుత్వ భూమిలో కూర్చోవడం సహాయం కాదా? అంగన్‌వాడీ కార్యకర్త గుడ్ల లెక్క చెప్పాలి, పొదుపు సంఘం లీడరు ప్రతి రూపాయికీ సంతకం పెట్టాలి, కోట్లు చేతులు మారే మైదానం లెక్క చెప్పనక్కర్లేదు!

మార్పు అసలే రాలేదని చెబితే అది అబద్ధమవుతుంది, పోరాడినవాళ్లను చిన్నబుచ్చినట్టూ అవుతుంది. 2005 ప్రపంచ కప్పులో ఫైనల్ దాకా వెళ్లిన జట్టుకు ఒక్కో మ్యాచ్‌కు వెయ్యి రూపాయలే ముట్టాయని అప్పటి కెప్టెన్ మిథాలీ రాజ్ స్వయంగా చెప్పింది. 2022 అక్టోబరులో అంతర్జాతీయ మ్యాచ్ ఫీజు స్త్రీ పురుషులకు సమానం చేశారు. అయితే 2024-25లో వార్షిక ఒప్పందం పై తరగతిలో మగవాళ్లకు 7 కోట్లు, ఆడవాళ్లకు 50 లక్షలు. లోధా కమిటీ సంస్కరణల ఫలితంగా 2019లో శాంతా రంగస్వామి క్రీడాకారుల ప్రతినిధిగా మండలి పాలకవర్గంలో అడుగుపెట్టింది. 2024లో బెంగుళూరులో జెసింతా కల్యాణ్ పిచ్‌లు తయారుచేసే బాధ్యత తీసుకుంది. పచ్చిక మీద రోలరు ఎక్కడ తిప్పాలో చెప్పే అధికారం ఒక స్త్రీ చేతికి రావడం నాకు ఏ సెంచరీ కన్నా తక్కువ అనిపించలేదు.

2025లో రెండు స్టేడియంల గోడల మీద స్త్రీల పేర్లు వచ్చాయి. జనవరిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఝులన్ గోస్వామి పేరు, అక్టోబరులో విశాఖపట్నంలో ఒక స్టాండుకు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు ఆంధ్ర క్రీడాకారిణి రావి కల్పన పేరు. మంచిదే. కాని ఈడెన్ అన్న పేరే గవర్నర్ జనరల్ ఆక్లాండ్ అక్కచెల్లెళ్లదని గుర్తు చేసుకుంటే నాకు కొంచెం నవ్వొస్తుంది. ఆ మైదానానికి ఆడవాళ్ల పేరు ఉండనే ఉంది, నూట యాభై ఏళ్లుగా! పేరు గోడ మీద ఉండటం వేరు, సాయంత్రం నాలుగింటి నుంచి ఆరింటి దాకా నెట్స్ ఎవరివి అన్న టైమ్‌టేబుల్లో పేరు ఉండటం వేరు. కల్పన గేటులోంచి రేపు ఎంతమంది అమ్మాయిలు ప్రాక్టీసుకు లోపలికి వెళ్తారన్నదే ఆ గేటుకు అసలు పరీక్ష.

మా మిత్రురాలి అభ్యంతరానికి తిరిగి వస్తాను. ఈ వ్యాపార క్రీడలో మనకూ ఒక వాటా కావాలని అడగటమేనా స్త్రీవాదం అని ఆమె మళ్లీ అడగవచ్చు. కాదు. పెద్ద స్టేడియంలలో నాలుగు మ్యాచ్‌లు ఎక్కువ ఇస్తే సరిపోయే సమస్య కాదిది. పెద్ద స్టేడియం చెట్టు చివరి కొమ్మ మాత్రమే. వేరు మన ఊరి బడి మైదానంలో, మునిసిపాలిటీ మైదానంలో ఉంది. ఆ వేరును ఇప్పుడు మన కళ్లముందే నరుకుతున్నారు. నేను చిన్నప్పుడు గోడ వెంబడి నడిచిన ఆ మైదానాన్ని కిందటేడు చూడటానికి వెళ్లాను. చుట్టూ ఇనుప కంచె వేశారు. సగం స్థలంలో గంటకింత అని అద్దె కట్టి ఆడుకునే నెట్లు, ఫ్లడ్ లైట్లు. రాత్రి పదకొండు దాకా ఉద్యోగస్తుల ఆటలు. బడి ఆడపిల్లల ఆటల పీరియడు ఎక్కడని అడిగితే, వరండాలో ఎక్సర్‌సైజులు చేయిస్తున్నామని చెప్పారు. నలభై ఏళ్ల తరువాత మేం మళ్లీ వరండాలోకే వచ్చాం. ఈసారి మగపిల్లల్లోనూ డబ్బులేని వాళ్లు కంచె బయటే ఉన్నారు. ఇది మన పోరాటానికి పనికివచ్చే విషయం. కంచె బయట ఉన్నవాళ్లందరూ ఒక పక్షమే.

అందువల్ల ఈ సంచిక చదివే మిత్రులను ఒక పని అడుగుతున్నాను. వచ్చే మూడు నెలల్లో మీ ఊళ్లో, మీ మండలంలో ఒక్క మైదానాన్ని ఎంచుకోండి. వారంలో రెండు సాయంత్రాలు అక్కడికి వెళ్లి, ఆడుతున్న మగపిల్లలెందరో, ఆడపిల్లలెందరో, ఎక్కడ నిలబడ్డారో లెక్కపెట్టండి. ఆడవాళ్ల మరుగుదొడ్డి ఉందా, దానికి నీళ్లూ గడియా ఉన్నాయా చూడండి. దీపాలు ఎక్కడిదాకా వెలుగుతున్నాయో బస్టాండు వరకూ నడిచి చూడండి. ఊడ్చే ఆమెతో కూర్చుని కూలి ఎంతో, ఎవరిస్తారో అడగండి. ఆ భూమి ఎవరిది, ఎవరికి లీజుకిచ్చారు, ఎంతకిచ్చారు, ఏ షరతులతో ఇచ్చారు అని మునిసిపల్ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. సంఘాలు తాము ప్రైవేటు అనవచ్చుగాని, మునిసిపాలిటీ ఆ మాట అనలేదు. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు గేటు మీద రాయమని అడగండి. బడి మైదానమైతే, ఆడపిల్లల ఆటల పీరియడు మైదానంలోనే జరగాలని తల్లుల కమిటీలో తీర్మానం చేయించండి. మీ లెక్కలు మాకు పంపితే తరువాతి సంచికలో ప్రచురిస్తాం.

ఆ నవంబరు రాత్రి తరువాత నాలుగు రోజులకు మా వీధి చివర ఖాళీ స్థలంలో ఆరుగురు ఆడపిల్లలు ఇటుకల్ని వికెట్లుగా పెట్టి ఆడుతూ కనిపించారు. ఒక అబ్బాయి వచ్చి, ఇది మా చోటు, లేవండి అన్నాడు. వాళ్లలో అందరికన్నా చిన్నది, చేతిలో బంతి పట్టుకుని, "మా ఓవరు అవ్వలేదు" అన్నది. అతను కాసేపు నిలబడి, పక్కకు వెళ్లి కూర్చున్నాడు. ఆ పిల్ల మరునాడు అక్కడ ఉంటుందా ఉండదా అన్నది ఆమె ధైర్యం ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. అందుకే మనం ఉన్నాం.